‘లేవు’ అని చూపించిన గడి

ఆఫీసులో ఆమెని అందరూ గళ్ళమ్మ అనేవాళ్ళు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, పోనుపోను ముందరే అనేశారు, ఆమె కూడా ఊఁ అని పలికేసింది. చేసే పని అలాంటిది మరి. ఆసుపత్రిలో మన పేరు రాయించుకున్నాక కంప్యూటర్ తెర మీద మన వివరాలన్నీ వరసగా వస్తాయి కదా: పేరు, వయసు, రక్తం గ్రూపు, ఇంటి చిరునామా, మనకేదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు. అందులో ఏది పైనుండాలి, ఏది కిందుండాలి, ఏది కొట్టొచ్చినట్టు కనబడాలి, ఏ గడిలో మనిషి సొంతంగా టైపు చేయాలి, ఏ గడిలో జాబితా తెరుచుకుంటే ఒకటి ఎంచుకోవాలి, ఏది చూడ్డానికే తప్ప దిద్దడానికి వీల్లేకుండా ఉండాలి, ఇవన్నీ తేల్చేది ఆమె. పదహారేళ్ళుగా అదే పని. వయసు నలభై మూడు.

ఈ గళ్ళ పిచ్చి పుట్టింటి నుంచి వచ్చింది. నాన్నకి ఒక ఇరుకు సందులో చిన్న ప్రెస్సు ఉండేది. రంగురంగుల పనులన్నీ పెద్ద ప్రెస్సులవాళ్ళు తన్నుకుపోతే ఆయనకి మిగిలినవి ఫారాలు. బడిలో చేరే ఫారం, కరెంటు కనెక్షన్ దరఖాస్తు, లైబ్రరీ కార్డు. బడి నుంచి రాగానే ఈ పిల్ల కాగితం కట్టల మీద ఎక్కి కూర్చునేది. జనం తెచ్చిచ్చిన నమూనాలు చూసి నాన్న ఒంటికాలి మీద లేచేవాడు. "చిరునామాకి వేలెడంత గడి ఇచ్చి ఊరుకుంటే వాడు ఇంటి నంబరు ఎక్కడ రాసుకుంటాడే, నుదుటి మీదా?" అనేవాడు. ఫారం గీసేవాడికి అది నింపే మనిషి కళ్ళెదుట కనబడాలని ఆయన పట్టుదల. ఆ మనిషికి చత్వారం ఉంటే ఎలా, చంకలో ఏడ్చే బిడ్డతో నిలబడి రాస్తుంటే ఎలా, ఇవన్నీ చూసుకుని గీత గీసేవాడు. ప్రెస్సు మూతపడింది, నాన్న పోయాడు, కూతురు కంప్యూటర్ నేర్చుకుని ఈ కంపెనీలో చేరింది.

ఇంట్లో ముగ్గురే. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. అత్తగారు ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు చేసి దిగిన మనిషి. గొంతు ఇప్పటికీ బస్సు చివరి సీటుకి వినబడేంత ఉంటుంది. "మా వాడు ఊళ్ళోవాళ్ళందర్నీ పైకీ కిందకీ తిప్పుతాడు గానీ, వాణ్ణి కుర్చీలోంచి లేపడం నా వల్ల కాదమ్మా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అతను నవ్వి ఊరుకునేవాడు. పిల్లలు లేరు. దాని గురించి మాట్లాడుకోవడం ఆ ఇంట్లో ఎప్పుడో మానేశారు.

ఊళ్ళోకెల్లా పెద్దదైన ఆసుపత్రి పాత రిజిస్టర్లు తీసేసి అంతా కంప్యూటర్‌లో పెట్టుకుంటామని ఈ కంపెనీకి పని అప్పజెప్పింది. రోగి వివరాల తెర గళ్ళమ్మ చేతికొచ్చింది. మొత్తం ముప్పై ఎనిమిది గళ్ళు. రెండు నెలలు ఆమెకి వేరే లోకం లేదు. ఆసుపత్రికి వెళ్ళి నర్సులు ఎంత దూరం నుంచి తెర చూస్తారో చూసొచ్చింది. రక్తం గ్రూపుని పైన పెద్దక్షరాల్లో పెట్టింది. ‘పడని మందులు’ అనే గడిని దాని పక్కనే పెట్టింది. ఏ మందు ఎవరి ఒంటికి సరిపడదో అందులో ఉంటుంది. ఆ గడిని అడుగున పడేద్దామని మేనేజరు అంటే, పైనుండాల్సిందేనని పట్టుబట్టి నెగ్గింది.

తీరా ఆసుపత్రి డాక్టర్లు తెర చూడ్డానికి వస్తారనగా మూడు రోజుల ముందు మేనేజరు మొహం చిట్లించాడు. నలుగురు రోగుల వివరాలు పెట్టి చూస్తే సగం గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"ఏంటండీ ఇది, పళ్ళూడిన నోరులా ఉంది" అన్నాడు. "ఏదో ఒకటి కనబడాలి అక్కడ. ఖాళీలు చూపిస్తే మన పనే సగంలో ఆగిపోయిందనుకుంటారు."

ఖాళీ గడిని చూపించడానికి మూడు పద్ధతులున్నాయి. ఖాళీగానే వదిలేయడం ఒకటి, చిన్న అడ్డగీత పెట్టడం ఒకటి, ‘లేవు’ అని బూడిదరంగు అక్షరాల్లో రాయడం ఒకటి. అడ్డగీత మేనేజరుకి నచ్చలేదు. ఆమె కాసేపు ఆలోచించి ‘లేవు’ పెట్టింది. తెర నిండుగా, పొందిగ్గా కుదురుకుంది.

మర్నాడు అందరూ కూర్చుని చూశారు. నమూనా కోసం ఆమె తన వివరాలే పెట్టుకుంది. పైనుంచి చదువుకుంటూ వస్తే ‘పిల్లలు: లేవు’ అని వచ్చింది. గదంతా గొల్లుమంది. తర్వాతి రోగికి ‘భార్య: లేవు’. "రోగి కళ్ళు తెరిచి చూస్తే, ఒరేయ్ నువ్వు లేవు అని చెప్తున్నట్టుంది సార్" అన్నాడొకడు. ఇంకో విడత నవ్వులు. ఆమె కూడా నవ్వింది. లోపల మాత్రం ఆ ‘పిల్లలు: లేవు’ ముల్లులా దిగింది. మనుషుల్ని వస్తువుల్లా లెక్కగట్టిన ఆ మాట అలా ఉండటానికి వీల్లేదని రెండు రోజులు కూర్చుని ఏ గడికి ‘లేరు’, ఏ గడికి ‘లేదు’, ఏ గడికి ‘లేవు’ అని ఒక్కొక్కటే సరిచేసింది. పిల్లలు లేరు. ఫోన్ నంబరు లేదు. పడని మందులు లేవు. భాష చక్కగా కుదిరింది.

ఆ మార్పుల్ని కంప్యూటర్‌కి ఎక్కించే పెద్దమనిషిని ఆఫీసంతా బాబాయి అంటారు. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి, బట్టతల, నెమ్మది. ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆగాడు.

"అమ్మా, కౌంటర్లో ఎవరూ అడక్కపోయినా, ఏమీ నింపకపోయినా ఇక్కడ లేవు అనే వస్తుంది. ఫర్వాలేదంటావా?"

"కౌంటర్లో అడుగుతారులే బాబాయ్" అంది ఆమె. తల కూడా ఎత్తలేదు. ‘తోబుట్టువులు’ అనే గడికి ‘లేరు’ అని సరిగ్గా పడిందో లేదో చూసుకుంటోంది.

అంతే. ఆ తర్వాత ఆ మాట ఆమెకి వందలసార్లు గుర్తొచ్చింది.

డాక్టర్లు మెచ్చుకున్నారు. ఆసుపత్రిలో కొత్త పద్ధతి మొదలైంది. నాలుగు నెలలు ఏ గొడవా లేదు.

ఒక మంగళవారం డ్రాయింగు మాస్టారొకాయన, కాల్లో మేకు గుచ్చుకుని చీము పట్టి, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఆ ఆసుపత్రికి వచ్చాడు. వెంట భార్య. కౌంటరు దగ్గర వంద మంది వరస. గుమాస్తా పేరు, వయసు, ఫోన్ నంబరు కొట్టి లోపలికి పంపేశాడు. తక్కిన గళ్ళు ముట్టుకోలేదు, ముట్టుకునే తీరికా లేదు. కట్టు గుడ్డలు బయట కొనుక్కురమ్మంటే భార్య పరిగెత్తింది. వార్డులో పెద్ద నర్సమ్మ, పందొమ్మిదేళ్ళ సర్వీసు, సూదిమందు సిద్ధం చేసుకుని అలవాటు ప్రకారం అడిగింది. "మాస్టారూ, మీకేమైనా మందులు పడవా?" ఆయన జ్వరం మైకంలో ఏదో గొణిగాడు. ఆమెకి అర్థం కాలేదు. తల తిప్పి తెర చూసింది. పడని మందులు: లేవు. సూది వేసింది.

ఆ మందు ఆయనకి చిన్నప్పటి నుంచీ పడదు. భార్య కట్టు గుడ్డలతో తిరిగొచ్చేసరికి ఆయనకి ఊపిరి అందడం లేదు. అరగంటలో అయిపోయింది.

గురువారం కల్లా ఊరంతా నర్సమ్మని తిట్టిపోస్తోంది. ఆమెని సస్పెండ్ చేశారు, విచారణ వేశారు. ఈ ఆఫీసులో మేనేజరు అందర్నీ పిలిచి తలుపేశాడు.

"మన వైపు తప్పేమీ లేదు. గడి పెట్టాం, పైనే పెట్టాం, పెద్దగా పెట్టాం. కౌంటర్లో నింపలేదు, అది వాళ్ళ ఖర్మ. గళ్ళమ్మగారూ, ఇదే ఒక కాగితం మీద రాసివ్వండి. గడి స్పష్టంగా కనబడుతోంది అని. చాలు."

రాయడానికి కూర్చుంది. ఆసుపత్రి నుంచి ఆ రోజు తెర ఫొటో వచ్చింది. తెరిచింది. మాస్టారి పేరు, వయసు యాభై ఒకటి. పక్కన ఆమె ఎంచుకున్న బూడిదరంగులో, ఆమె దిద్దిన భాషలో, ‘లేవు’.

ఎవరూ అడగలేదు. ఎవరూ చెప్పలేదు. లేవు అని చెప్పింది ఆ గడి. ఆ గడి చేత చెప్పించింది తను.

లేచి బాబాయి దగ్గరికి వెళ్ళింది. "ఎంతమందికి ఇలా ఉందో చూడు బాబాయ్. ఎవరూ నింపకుండానే లేవు అని వచ్చినవి."

ఆయన చూశాడు. తెర ఆమె వైపు తిప్పాడు. అరవై రెండు వేల మందిలో నలభై ఒక్క వేల మందికి.

పరుగులాంటి నడకతో మేనేజరు గదికి వెళ్ళింది. "సార్, ఒక్క మాట మార్చాలి. లేవు తీసేసి ‘అడగలేదు’ అని పెట్టాలి, ఎర్రటి అక్షరాల్లో. ఇవాళే. ఇరవై నిమిషాల పని."

మేనేజరు చెడ్డవాడు కాదు. భయస్తుడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు మారిస్తే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టే కదండీ. విచారణ కానివ్వండి. తర్వాత చూద్దాం."

"విచారణ ఎప్పటికవుతుంది సార్?"

"నెల. రెండు నెలలు."

"ఈలోపు?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు గానీ ఆమె వైపు చూడలేదు. "ఆ కాగితం రాసిచ్చారా?"

బయటికొచ్చి, నువ్వైనా మార్చెయ్యి అంటూ ఆమె బాబాయి చెయ్యి పట్టుకుంది. మాటవరసకి కాదు, నిజంగానే రెండు చేతులతో పట్టుకుంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా ఒక్కడి తాళంతో తెరుచుకోదమ్మా. ఇక్కడ ఆయన సరే అనాలి, అక్కడ ఆసుపత్రివాళ్ళు సరే అనాలి. నా చేతులు కట్టేసి ఉన్నాయి తల్లీ."

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. అతను, "నువ్వొక్కదానివే చేశావా ఏంటి, అంతమంది చూశారు కదా" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఆమెకి ఆ ఓదార్పు నిప్పులా తగిలింది. "చూసినవాళ్ళు చూశారు. పెట్టింది నేను" అంది.

మర్నాడు సెలవు పెట్టి ఆసుపత్రి సూపరింటెండెంటుని కలవడానికి వెళ్ళింది. ఆయన మీటింగులో ఉన్నాడు. ఆ మర్నాడూ మీటింగే. మూడోరోజు ఆయన గుమాస్తా జాలిపడి, "అర్జీ పెట్టండమ్మా, పైకి పంపుతాను" అని గోడ పక్కనున్న కంప్యూటర్ చూపించాడు. అర్జీ తెర తెరిచింది. మీరెవరు అనే గడి. జాబితాలో మూడే ఉన్నాయి: రోగి, రోగి బంధువు, ఆసుపత్రి ఉద్యోగి. మూడింట్లో తను ఏదీ కాదు. ఏదో ఒకటి ఎంచుకోకపోతే ముందుకు పోనివ్వదు. బంధువు అని పెట్టింది. రోగి పేరు రాయమంది. మాస్టారి పేరు రాసింది. రోగితో మీ సంబంధం ఏమిటని అడిగింది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. అక్కడే, ఆ కుర్చీలో, వచ్చేపోయేవాళ్ళందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చింది. గుమాస్తా కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అర్జీ మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం అత్తగారు అడిగింది. "మూడు రోజులుగా ఆఫీసుకి వెళ్ళట్లేదు, తిండి తినట్లేదు. ఏమైందే అమ్మాయ్?"

చెప్పింది. అత్తగారు మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మొత్తం విని, "నాదీ ఉందా అందులో?" అంది. రెండు నెలల కిందట మోకాళ్ళ కోసం ఆ ఆసుపత్రికే వెళ్ళింది.

"ఉంది అత్తయ్యా."

"నాకు పంటినొప్పి మాత్ర ఒకటి వేసుకుంటే మొహం గుమ్మడికాయలా ఉబ్బుతుంది కదా. అది ఉందా?"

"లేవు అని ఉంది."

"నన్ను అడిగిన పాపాన పోలేదే ఒక్కడూ!" అంది అత్తగారు. ఆ మాట కోడల్ని అన్నది కాదు. అయినా కోడలు తల వంచుకుంది.

మార్చే దారి లేకపోతే, జనానికి చెప్పే దారైనా ఉండాలి కదా అనుకుంది గళ్ళమ్మ. పొద్దున్నే ఆసుపత్రి పెద్ద గేటు దగ్గరికి వెళ్ళింది. లోపల వరసలో నిలబడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మీకేమైనా మందులు పడవా అండీ? పడకపోతే నర్సుకి నోటితో చెప్పండి, కంప్యూటర్‌లో ఉందిలే అనుకోకండి" అని ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెగలదు. మాటలు తడబడతాయి. కొందరు ఏదో అమ్మడానికి వచ్చిందనుకుని మొహం తిప్పుకున్నారు. కొందరు పిచ్చిదనుకున్నారు. గంటకి పాతిక మందికి కూడా చెప్పలేకపోయింది. వెనకాల ఇంకా వస్తూనే ఉన్నారు. చెంచాతో సముద్రం తోడుతున్నట్టుంది ఆమె ప్రాణానికి.

రెండోరోజు అత్తగారు కూడా తయారైంది. "నీ గొంతుతో ఈ పని జరగదు. పద" అంది. గేటు దాటి లోపలికి వెళ్ళి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ముప్పై ఏళ్ళ బస్సు గొంతు విప్పింది.

"ఇదిగో అందరూ వినండి! ఏ మందైనా ఒంటికి పడనివాళ్ళు నోరు తెరిచి చెప్పండి! ఆ డబ్బాలో లేవు అని రాసుంటే నమ్మకండి! మీ ఆయనకి పడకపోతే మీరు చెప్పండి, మీ అమ్మకి పడకపోతే మీరు చెప్పండి! పక్కనుండి కదలకండి!"

వరస మొత్తం ఇటు తిరిగింది. ఒక ఆడమనిషి చంటిపిల్లని ఎత్తుకుని దగ్గరికొచ్చి, "మా పాపకి పోయిన నెల ఒక మందు తాగిస్తే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి, అది కూడా చెప్పాలా?" అని అడిగింది. "ముందు అదే చెప్పు తల్లీ" అంది అత్తగారు. గళ్ళమ్మ ఆ మందు పేరు అడిగి, పాప చీటీ మీద పెద్దక్షరాల్లో రాసిచ్చింది. ఆ వారంలో ఆమె గుండె కాస్త తేలికపడ్డ క్షణం అదొక్కటే.

సెక్యూరిటీ అతను వచ్చి ఇద్దర్నీ బయటికి పంపేశాడు. "పెద్దమ్మా, నా ఉద్యోగం తీయకండి, దణ్ణం పెడతాను" అన్నాడు. "సరే నాయనా, గేటు అవతల నిలబడతాం. రోడ్డు నీ ఆసుపత్రిది కాదు కదా" అంది అత్తగారు. అలా గేటు అవతల, ఎండలో, ఎనిమిది రోజులు. ఆఫీసు నుంచి ఫోన్లు వచ్చాయి, ఆమె ఎత్తలేదు. భర్త మూడోరోజు ఒక గొడుగు, నీళ్ళ సీసా తెచ్చిచ్చి పనికి వెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం బాబాయి ఫోన్ చేశాడు. బాబాయిది కాబట్టి ఎత్తింది.

"అమ్మా, ఇంకొకరికి అయింది. పదిహేనేళ్ళ పిల్ల. చెయ్యి విరిగి వచ్చింది. నొప్పి తగ్గడానికి వేసిన మందు పడలేదు. బతికింది, కానీ ఇంకా ఊపిరాడించే యంత్రం మీదే ఉంది. తెర మీద లేవు అనే ఉందట."

"ఎప్పుడు?"

"ఇవాళ పొద్దున, పదింటికి."

పదింటికి ఆమె గేటు దగ్గరే ఉంది. అత్తగారు అరుస్తూనే ఉంది. "మేమిక్కడే ఉన్నాం కదా బాబాయ్, మేం చెప్తూనే ఉన్నాం కదా, ఎలా..."

"ఎముకలు విరిగినవాళ్ళని వెనక గేటులోంచి తీసుకెళ్తారమ్మా."

ఆసుపత్రికి వెనక ఇంకో గేటుంది. ఆమెకి తెలుసు. తెర తయారుచేసే రోజుల్లో ఆ గేటులోంచే వెళ్ళొచ్చింది. ఎనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా అది తట్టలేదు. రోడ్డు పక్కన గోడకి ఆనుకుని కూలబడిపోయింది. అత్తగారు గొడుగు పట్టుకుని పక్కనే నిలబడింది.

ఆ మధ్యాహ్నమే మేనేజరు సరే అన్నాడు. ఆసుపత్రివాళ్ళూ సరే అన్నారు. బాబాయి కూర్చుని ‘లేవు’ తీసేసి ‘అడగలేదు’ పెట్టాడు. పద్దెనిమిది నిమిషాలు పట్టిందట.

విచారణ ఒక పొడుగాటి గదిలో జరిగింది. గళ్ళమ్మని ఎవరూ పిలవలేదు. తనే వెళ్ళి తలుపు దగ్గర నిలబడి, తన మాట రాసుకుంటే తప్ప కదలనంది. అధికారి విసుక్కుంటూనే కూర్చోమన్నాడు. ఏదీ దాచకుండా చెప్పింది. మూడు పద్ధతులున్నాయని, తనే ఎంచుకున్నానని, బాబాయి అడిగాడని, కౌంటర్లో అడుగుతారులే అన్నానని.

"అలా పెట్టమని మీ మేనేజరు చెప్పారా?"

"ఖాళీగా ఉండకూడదన్నారు. ఏ మాట పెట్టాలో చెప్పలేదు. అది నాదే."

మేనేజరు కూడా అదే గదిలో ఉన్నాడు. ఆ మాటకి నిట్టూర్చి వెనక్కి వాలాడు. వారంలో ఆమె ఉద్యోగం పోయింది. నర్సమ్మని మళ్ళీ తీసుకున్నారు గానీ, బంధువులొచ్చేదాకా ఆగి ఉండాల్సిందని ఆమె ఫైలులో ఒక మాట రాశారు. నర్సమ్మ వార్డుకి వెళ్ళనని, మందుల గదిలో పని ఇవ్వమని అడిగి తీసుకుంది. గళ్ళమ్మ ఒకసారి కలవడానికి వెళితే, కిటికీలోంచే, "నువ్వు నిజం చెప్పావు, నాకు తెలుసు. కానీ నిన్ను చూడలేను, ఏమీ అనుకోకు" అంది.

విచారణ రోజు వరండాలో ఇంకొకటి జరిగింది. బయటికొస్తుంటే మాస్టారి భార్య బల్ల మీద కూర్చుని ఉంది. లోపల చెప్పిందంతా తలుపు దగ్గర నుంచి విన్నట్టుంది. పక్కన కూర్చోమని చేత్తో చూపించింది. గళ్ళమ్మ కూర్చోలేక నిలబడింది.

"ఆ గడి ఖాళీగా ఉండి ఉంటే, నర్సమ్మ ఆగేదా?" అని అడిగింది ఆవిడ.

"ఆగేదండి."

"నేను కట్టు గుడ్డలు తేవడానికి వెళ్ళి నాలుగు నిమిషాల్లో వచ్చేశాను. నాలుగు నిమిషాలు ఆగేదా?"

గళ్ళమ్మకి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "ఆగేదండి" అంది.

ఆవిడ తల ఊపింది. తిట్టలేదు. శపించలేదు. సంచీలోంచి చేతిరుమాలు తీసి మళ్ళీ లోపల పెట్టుకుంది. "నాలుగు నిమిషాలు" అని తనలో తను అనుకుంటూ లేచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని గళ్ళమ్మ ఇప్పటికీ అంటుంది.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో ఆమెకి సరిగా గుర్తులేదు. యంత్రం మీదున్న పిల్ల కోలుకుని ఇంటికెళ్ళిందని బాబాయి చెప్పాడు. ఆ కబురు విని భర్త గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నా ఏ గడి ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక లేచిపోయేది. చివరికి ఒక బడి పక్కనున్న చిన్న జిరాక్స్ దుకాణంలో ప్రశ్నపత్రాలు టైపు చేసే పనిలో కుదురుకుంది. అక్కడ ఎవరో రాసిచ్చింది ఉన్నదున్నట్టు కొట్టడమే, సొంతంగా ఏదీ ఎంచుకోనక్కర్లేదు. పొద్దున లేచి అద్దం ముందు తల దువ్వుకుంటూ ఆగిపోయేది. అత్తగారు వెనక నుంచి వచ్చి దువ్వెన తీసుకుని తనే జడ వేసేది. మోకాళ్ళ నొప్పితో నిలబడలేకపోయినా జడ అయ్యేదాకా కూర్చునేది కాదు.

ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం ఫోన్ మోగింది. మాస్టారి భార్య.

"నీకు ఫారాలు నింపడం వచ్చు కదా" అంది. పలకరింపు లేదు, ఇంకేమీ లేదు. "ఆయన బడి నుంచి ఒక ఫారం వచ్చింది. చిన్న చిన్న అక్షరాలు. నాకు కనబడట్లేదు. చేసిపెట్టేవాళ్ళెవరూ లేరు."

వెళ్ళింది. ముందు గదిలో మాస్టారి బొమ్మలు అట్టపెట్టెల్లో పెట్టి ఉన్నాయి. కిటికీ పక్క బల్ల మీద ఫారం. ఆవిడ ఎదురుగా కూర్చుంది. గళ్ళమ్మ ఒక్కో గడి పైకి చదివింది, ఆవిడ చెప్పింది, ఆమె రాసింది. పేరు. పుట్టిన తేదీ. బడిలో చేరిన ఏడాది. ప్రతిదీ రాశాక మళ్ళీ చదివి వినిపించింది. ఆవిడ ఊఁ అన్నాకే తర్వాతి గడికి వెళ్ళింది. రెండో పేజీ తిప్పింది. అక్కడి గడి మాత్రం పైకి చదవలేదు.

"ఏముంది?" అంది ఆవిడ.

"మరణానికి కారణం అని ఉందండి."

గళ్ళమ్మ కలం కాగితం మీద ఆనించింది, కదపలేకపోయింది. ఆవిడ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

"రాయమ్మా" అంది. "సూదిమందు పడక, అని రాయి."

రాసింది. అక్షరాలు వంకరపోయాయి. పైకి చదివి వినిపించబోయి మొదటి మాట దగ్గరే ఆపేసింది. ఆవిడ ఆగింది. గళ్ళమ్మ నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి, మొత్తం చదివింది.

"ఊఁ" అంది ఆవిడ.

ఇంకా పదకొండు గళ్ళున్నాయి. ఒక్కొక్కటీ అడుగుతూ, మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నారు.